ఫైనల్‌లో నేను వేసిన కేక

"ఈ ఆట ఓడితే సోమవారం నుంచి మందుల కంపెనీల పనికి పోవాలె" అని మా మనవరాలు స్వప్నకు నేనే షరతు పెట్టాను. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి, కొట్లాట వీడియో గేమ్ ఫైనల్‌కు, తోడు కూడా వెళ్లాను. బస్సులో ఆట కిటుకు చెప్పింది. "నిప్పుబంతి దూరం నుంచే ఇసరాలె అవ్వా. ఎదుటోడు దగ్గరికొచ్చినంక ఇసిరితే, దాని మీదికెళ్లి దుంకి మనల్నే కొడ్తడు."

చివరి రౌండులో ఎదుటి బొమ్మ దగ్గరికి రాగానే, చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలు వాలబోతుంటే వడిసెలతో రాళ్లు విసిరిన అలవాటు కొద్దీ "ఇసురే!" అని అరిచాను. స్వప్న ఉలిక్కిపడి విసిరింది. ఆ బొమ్మ బంతి మీదుగా దూకి కొట్టింది. స్వప్న ఓడిపోయింది.

తిరుగు బస్సులో, "నీ కేక ఇనవడలేదవ్వా, నా చెయ్యే జారింది" అంది.

సోమవారం పొద్దున అన్నం డబ్బా కట్టి చేతికిచ్చాను. "పోవద్దు బిడ్డా" అనడానికి అప్పుడు మాత్రం నా నోరు లేవలేదు.