అవ్వ మంచం, నాలుగు పూతల సున్నం

పాప ఉయ్యాల పక్కన గోడ పెచ్చులు రాలుతున్నాయి. ఏడో నెల బిడ్డ, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. రంగులు వేసే అతను వచ్చి చూసి, మూడు రోజులు గది ఖాళీ చేస్తేనే పని అవుతుందన్నాడు. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. బోధన్‌లో మా అవ్వ దగ్గరికి పోదామంటే (మా వైపు కన్నతల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం), తమ్ముడి పెళ్లయ్యాక ఆ ఒక్క గది వాళ్లదై, అవ్వే వసారాలో పడుకుంటోంది. నిజామాబాద్‌లో ఈ మూడో అంతస్తు గది తప్ప నాకు వేరే చోటు లేదు. అందుకే డబ్బా, రోలరు తెచ్చుకుని, పాప నిద్రపోయినప్పుడల్లా ఒక్కో గోడ నేనే వేస్తున్నాను. వాసన పాపకు పడుతుందో లేదోనని పది నిమిషాలకోసారి దాని ఊపిరి చూసుకుంటున్నాను.

మీరూ నాలాగే సున్నం గోడల మధ్య పుట్టి, టైల్స్ గదుల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లయితే, తడి సున్నం వాసన మీకు వేరే చెప్పక్కర్లేదు. నాకు పదకొండేళ్లప్పుడు, తమ్ముడు పుట్టిన పదిహేను రోజులకు, క్రిస్మస్ ముందటి ఇంటి ప్రార్థన ఆ ఏడు మా ఇంట్లో పడింది. చెరకు సీజన్ కాబట్టి బాపుకు ఫ్యాక్టరీలో తీరిక లేదు. అవ్వ బాలింత, చలిగాలి తగలకూడదని గది దాటనివ్వడం లేదు. కుండలో సున్నపురాళ్లు నానబెట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచె పట్టుకుని స్టూలు ఎక్కింది నేను. అడ్డం లేకుండా అవ్వ మంచాన్ని మూలకు నెట్టేశాను.

సున్నం తడిగా ఉన్నప్పుడు నీళ్లు చల్లినట్టే ఉంటుంది, ఆరాకే తెల్లబడుతుంది. ఆ సంగతి తెలియక, అంటుకోవడం లేదనుకుని పూత మీద పూత వేశాను. మంచంలోంచి అవ్వ మెల్లగా చెబుతూనే ఉంది.

"సాలు తియ్ బిడ్డా. ఆరనియ్యి. ఆరినంక తెల్లగైతది."

నేను వినలేదు. నాలుగో పూత కూడా వేశాను. అప్పుడు అవ్వ ఇంకొక్క మాట అడిగింది.

"గా మంచం జర ఇటు జరుపు, దర్వాజ కనవడేటట్టు. మనుషుల మొఖాలు సూడక ఎన్ని దినాలాయె."

రేపు జరుపుతానన్నాను. మరునాటికి గోడలు తెల్లగా మెరిశాయి, మధ్యాహ్నానికల్లా అప్పడాల్లా లేచి రాలడం మొదలుపెట్టాయి. అన్నిటికంటే అన్యాయంగా ఉన్నది అవ్వ పడుకున్న మూలే. సాయంత్రం చర్చివాళ్లంతా వస్తారు. నాకు ఏడుపొచ్చింది. ఆ మూల కనబడకుండా దండెం కట్టి, మంచానికి అడ్డంగా అవ్వ పెళ్లిచీర వేలాడదీశాను. మంచం మాత్రం జరపలేదు.

ప్రార్థన, పాటలు బాగానే జరిగాయి. గోడలకు ఆనుకున్నవాళ్ల వీపులన్నీ తెల్లబడితే, పక్కింటి పెద్దమ్మ పోతూ పోతూ, "మాక్కూడ సున్నమేసి తోలుతున్నవా పిల్లా" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఆడవాళ్లు చీర పక్కకు జరిపి తమ్ముణ్ణి ఒక్కసారి చూసి పోయారు. తర్వాత ఆ పరదాను మళ్లీ సరిచేసింది నేనే.

నెలల తరబడి బిడ్డతో ఒకే గదిలో ఉన్నాక గానీ, అవ్వ ఏం అడిగిందో నాకు తెలియలేదు. మొన్న ఫోన్‌లో ఆ పరదా సంగతి ఎత్తి, తప్పు చేశానవ్వా అన్నాను.

"పాటలైతే ఇనవడ్డయి గద బిడ్డా" అంది అవ్వ.

ఇవాళ చివరి గోడ అయిపోయింది. ఇప్పటి రంగు పాప నిద్ర లేచేలోపే ఆరిపోతుంది, వీపులకు అంటదు, అంటడానికి ఆనుకునే మనుషులూ రారు. నా మంచాన్ని మాత్రం తలుపుకు ఎదురుగా జరుపుకున్నాను. తలుపు తెరిస్తే మెట్లు, ఎదురింటి తాళం కనిపిస్తాయి. అడ్డంగా ఏ చీరా లేదు. పాప పడుకుంది, నేను అటే చూస్తూ కూర్చున్నాను, ఎక్కడి నుంచీ ఏ పాటా వినిపించడం లేదు.