పట్టుకోని కత్తికి సాక్ష్యం

నోటికి రాకముందే మన మాటను ఎరిగిన దేవునికి స్తోత్రం. ఈ ఉదయం జామకాయ కోద్దామని మడతకత్తి తెరిచాను. బ్లేడు టక్కుమని నిలబడింది. పిడి సందులోంచి సన్నగా నూనె వాసన వచ్చింది. ఆ వాసనకు దేవదానం గారు గుర్తుకొచ్చారు. గవర్నర్‌పేటలో ఆయనకు కత్తులు, కత్తెరలు, తాళాలు అమ్మే దుకాణం ఉండేది. అందులో నేను ఆన్‌లైన్ ఆర్డర్లు చూసేదాన్ని. ఆదివారం ఆయన మా సంఘపెద్ద, మిగతా రోజులు యజమాని. రెండు చోట్లా ఆయనది ఒకటే గొంతు.

ఆ దుకాణం నడిచేదే ఒక కంపెనీ మడతకత్తి మీద. నేతవాళ్లు దారం తెంపడానికి, ప్రయాణాలు చేసేవాళ్లు పండ్లు కోసుకోవడానికి కొనేవారు. ఒక కుర్రాడు దాని మొనతో పెయింటు డబ్బా మూత లేపబోతే మొన విరిగింది. "ఇది ఉక్కు కాదు, రేకు" అని వీడియో పెట్టాడు. ఆ తర్వాత ఆ కత్తిని ఎన్నడూ కొననివాళ్లు కూడా మా పేజీలో "రేకు, రేకు" అని రాయసాగారు. కంపెనీ మనిషి వచ్చి టీ తాగి, "క్రిస్మస్ లోపు మీ రేటింగ్ పెరక్కపోతే ఏజెన్సీ వేరేవాళ్లకి వెళ్తుందండీ. నా చేతిలో ఏం లేదు" అని చెప్పి వెళ్లాడు. అది పోతే దుకాణంలో మిగిలేది తాళాలూ కత్తెరలే.

సంగతి సంఘంలో తెలిసింది. రెండు రోజుల్లో మా పేజీ నిండా పొగడ్తలు వచ్చాయి. అన్నీ తెలిసిన పేర్లే. నేను సంతోషంగా ఆయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివి, మార్తమ్మ గారికి ఫోన్ చేశారు.

"కొబ్బరికాయ కూడా కొడుతుందని రాశారేంటమ్మా?"

"ఐదు స్టార్లూ ఇచ్చానన్నయ్యా! ఇంకా ఉంటే అవీ ఇచ్చేదాన్ని."

"ఇంతకీ ఆ కత్తి మీరు చూశారా?"

"చూడకేం? ఫోన్లో చూశాగా!"

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు తమకు జరిగిందే చెప్పాలి. పక్కింటివాళ్ల స్వస్థత గురించి చెప్పబోతే పాస్టరు గారు మెల్లగా కూర్చోబెడతారు. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ దేవదానం గారు లేచారు.

"నా దుకాణం కోసం ప్రార్థించండి. కానీ పట్టుకోని కత్తికి సాక్ష్యం చెప్పకండి. ఎవరో అది నమ్మి కొబ్బరికాయ కొడితే తెగేది వాళ్ల వేలు. మొన విరగ్గొట్టిన ఆ కుర్రాడైనా కత్తిని చేత్తో పట్టుకున్నాడు. మనం అదీ చెయ్యలేదు."

వెనక వరసలోంచి మార్తమ్మ గారు, "మరి కొట్టు మూతపడితేనో?" అన్నారు.

"మూతపడితే మూతపడిందనే సాక్ష్యం చెబుతానమ్మా."

కొందరు నొచ్చుకున్నారు. సాయంత్రానికి పొగడ్తలన్నీ పోయాయి. క్రిస్మస్‌కు ముందే ఏజెన్సీ కూడా పోయింది. సగం అరలు ఖాళీ అయ్యాక ఆయన తాళాలను కాస్త ఎడంగా సర్దించారు.

ఏజెన్సీ పోకముందే మార్తమ్మ గారు పౌరుషానికి ఒక కత్తి కొనుక్కెళ్లారు. కొన్నాళ్లకు ఆమె మళ్లీ రాశారు: "జామకాయలకు బాగుంది. కొబ్బరికాయకు పనికిరాదు. తెరిచేటప్పుడు గోరు నొప్పెడుతోంది. మూడు స్టార్లు." అప్పటికి మా దగ్గర అమ్మడానికి ఆ కత్తే లేదు. దేవదానం గారు దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. "అమ్మా సువార్తా, ఇదీ సాక్ష్యమంటే! గోరు నొప్పి కూడా దాచలేదు చూడు" అన్నారు. అద్దాల బల్లలో నమూనాకు ఉంచిన కత్తి తీసి నా చేతిలో పెట్టారు.

ఆయన ప్రభువునందు నిద్రించారు. దుకాణం ఇప్పుడు వేరేవాళ్లది. కత్తి నా దగ్గరుంది. తెరిచినప్పుడు నిజంగానే గోరు నొప్పెడుతుంది. ఎవరి గురించైనా, దేని గురించైనా ఫోన్లో అభిప్రాయం రాయబోయినప్పుడు ముందు ఆ నొప్పే తగులుతుంది. చాలాసార్లు రాయకుండానే ఫోన్ పక్కన పెడతాను.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, మేము ముట్టనిదాని మీద మా నోటికి కావలి ఉంచు. ముట్టినదాన్ని, మాకు నష్టమైనా, ఉన్నదున్నట్టు చెప్పనివ్వు. ఆమేన్.