అలుకకు బొమ్మ లేదు

విరుదునగర్‌లో నేను చిన్నపిల్లల బడి టీచర్ని. పోయిన ఏడాది మాకు టాబ్లెట్లు ఇచ్చి, అందులో ఒక ఆట పెట్టారు. ఎలుగుబంటి పిల్ల ఒకటి తమిళంలో "ఇప్పుడు నీకెలా ఉంది?" అని అడుగుతుంది. కింద ముఖాల బొమ్మలు: సంతోషం, దుఃఖం, కోపం, భయం. పిల్లలు తమకు సరిపోయే బొమ్మను నొక్కితే ఎలుగు కూడా అలాగే మొహం పెట్టి, మెల్లగా ఊపిరి పీల్చడం నేర్పుతుంది. మొదట్లో వెక్కిరించాను. ఏడుపెందుకో చెప్పలేని పిల్లలు వేలితో చూపించడం మొదలెట్టాక నోరు మూసుకున్నాను. ఆ ఆటంటే నాకిప్పటికీ గౌరవమే.

ఆ ఆట వచ్చిన కొన్నాళ్లకు, మేముండే కోవిల్‌పట్టిలో మా ఐదేళ్ల అమ్మాయి తన బడిలో నెమలి వేషం కట్టింది. వస్తానని మాటిచ్చాను. మా బడికి తనిఖీ వాళ్లు వచ్చారని వెళ్లలేకపోయాను. రెండు రోజులు అది నాతో మాట్లాడలేదు, అన్నం కూడా వాళ్ల అవ్వ చేతే తింది. నాకు భయమేసింది. నిజం చెప్పాలంటే ఒళ్లు కూడా మండింది. బడిలో ముప్పైమంది మనసులు కనిపెట్టేదాన్ని, ఇంట్లో ఒక్కదాని ముందు తెల్లమొహం వేశాను.

ఆదివారం టాబ్లెట్ తెచ్చి దాని ఒళ్లో పెట్టాను.

"ఇందులో నీ మొగం ఏది పాప్పా?"

అన్నీ చూసింది. ఒక్కటీ నొక్కలేదు.

"కోపమా?"

"లే."

"ఏడుపొస్తుండాదా?"

"లే. మిస్సు మాదిరి అడగొద్దు."

వాకిట్లో మినుములు చెరుగుతున్న మా అత్త చేట దించకుండానే అంది: "అది అలిగుండాది. ఆ పెట్టెలో అలుక యాడుండాది? అలిగినోళ్లను అడగకూడదు పిల్లా, బతిమాలాల."

అలుక! గడప దాటగానే నేను వదిలేసి పోయే మా ఇంటి తెలుగులో ఆ మాట ఉంది. నాకే గుర్తు రాలేదు. అలిగినవాళ్లు మనమొచ్చి బతిమాలేదాకా చూస్తుంటారు. నా బిడ్డ రెండు రోజులుగా నాకోసం చూస్తుంటే, నేను బొమ్మలు చూపిస్తున్నాను. సిగ్గేసింది.

టాబ్లెట్ పక్కన పెట్టి, దాని ముందు నేలమీద కూర్చుని గడ్డం పట్టుకున్నాను.

"నా బంగారు కదా. వస్తానని రాలేదు, అమ్మదే తప్పు. ఆ నెమలి ఎట్ల ఆడిందో నాకొకసారి చూపీవా?"

అటు తిరిగింది. నేనూ అటు జరిగాను. మళ్లీ గడ్డం పట్టుకుని, మళ్లీ అడిగాను. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

"ఇంకొంచేపు బతిమాలు," అంది.