బోర్లా వేసిన పడవ కింద మా వదిన

మా చిన్నప్పుడు గోదావరి ఒడ్డున పడవను బోర్లా వేస్తే, దాని కిందికి దూరే హక్కు ఒక్క రజిత వదినకే ఉండేది... మా మేనత్త బిడ్డ. నాకంటే ఏడాది పెద్ద, అంతే!

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. బడులు బంద్, బస్సులు బంద్. నాయిన నన్ను మా ఊరు రేగొండ నుంచి బండి మీద తీసుకుపోయి మేనత్త ఇంట్లో దింపాడు. మామకు నాటు పడవ ఉండేది. అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించేవాడు.

పడవ అడుగుకు తారు పూసే ముందు చిల్లులు వెతకాలి కదా... దానికి మామ పద్ధతి ఒకటుంది. నలుగురు పట్టి పడవను బోర్లించగానే రజిత గుప్పెడు చీపురు పుల్లలు తీసుకుని కిందికి దూరేది. లోపలంతా చీకటి. చెక్కల సందుల్లో ఎక్కడ వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ పుల్ల గుచ్చేది. పుల్ల కొస బయటికి వచ్చేది. మామ పాత చీర పీలికలు తారులో ముంచి సరిగ్గా ఆ చోట దట్టించేవాడు.

"మా బిడ్డ కన్ను పడ్డదంటే సూది మోపు చిల్లు గూడ దొరుకుతది" అని ఒడ్డున అందరికీ చెప్పుకునేవాడు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. నాకు కళ్లు లేవా?

ఇంకో మంట కూడా ఉంది. పడవ ఎక్కితే మామ నా వీపుకు ఖాళీ నూనె క్యాను కట్టేవాడు, ఈత రాదని. రజితకు అక్కర్లేదు, ఆమె చేపపిల్ల. ఊళ్లో పిల్లలంతా నన్ను "క్యాన్ పిల్ల" అని పిలిచేవారు. రజిత నవ్వేది కాదు... అది ఇంకా కడుపుమంట!

నేనూ దూరుతానని ఒకసారి అడిగాను.

"నీకెందుకు కోడలా, బట్టలు ఖరాబైతయి. నువ్వు మంట సూడు" అన్నాడు మామ.

అలా తారు డబ్బా కింద మంట ఎగదోసే పని నాకు దక్కింది.

ఆ రోజు రజిత ఎప్పటిలాగే దూరింది. పుల్లలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. ముందు భాగంలో, రెండో చెక్క పక్కన, ఒక పుల్ల నా కళ్ల ముందే లేచింది. రజిత పుల్లలు వెనక భాగానికి జరిగాయి, మామ పీలికల కోసం ఇంట్లోకి వెళ్లాడు. ఏమనిపించిందో... కాదు, ఏమనిపించిందో బాగా తెలుసు. ఒక్కసారి ఆమె కన్ను తప్పాలి, ఒక్కసారి మామ ఆమెను తిట్టాలి, అంతే. ఆ పుల్ల పీకి మంటలో వేశాను.

మామూలుగా తారు పూసిన పడవను మామ ఒక పూట ఒడ్డు దగ్గరే నీళ్లలో కట్టేసి చూస్తాడు. ఆసారి అంత తీరిక లేదు. తెల్లారి పక్క ఊళ్లో రోడ్డు మీద వంటావార్పు. ఆటోలు కూడా లేవు కాబట్టి బియ్యం బస్తా, వంట గంజులు, ఐదుగురు ఆడవాళ్లు, జెండాలు... అన్నీ పడవలోనే. రజిత, నేను కూడా ఎక్కాం. నా వీపు మీద క్యాను షరా మామూలే.

"ఎవలు లేవొద్దు, బరువు నడిమిట్ల పెట్టుర్రి" అంటూ మామ గడ వేశాడు. జై తెలంగాణ అని అరుచుకుంటూ బయల్దేరాం.

నడి నీళ్లలోకి వచ్చాక నా కాళ్లు తడిశాయి.

"ఓ అన్నా, నీళ్లొస్తున్నయే!" అని ఒక ఆమె కేక పెట్టింది. నినాదాలు ఆగిపోయాయి. గంజులతో నీళ్లు తోడుతున్నారు. ఎక్కడి నుంచో మామకు అంతు దొరకడం లేదు. నాకు తెలుసు... బియ్యం బస్తా కింద, రెండో చెక్క. నోరు తెరిస్తే దొరికిపోతాను. నోరు మూసుకున్నాను. పడవ నిండా మనుషులున్నారు, నేను నోరు మూసుకున్నాను.

రజితే చేత్తో తడుముతూ వెళ్లి బస్తా పక్కకు జరిపింది. చున్నీ తీసి సందులో కుక్కి, మడమతో తొక్కి నిలబెట్టుకుంది. అలాగే ఒడ్డుకు చేరాం.

దిగగానే మామ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "అన్ని సూసిన అన్నవు గద! గింత పెద్ద సందు కండ్లకు గానలేదా?"

"పెట్టిన బాపూ! గాడ పుల్ల పెట్టిన!" అని ఏడ్చింది రజిత. నా చెయ్యి పట్టుకుంది. "నువ్వన్న చెప్పవే, పైకొచ్చింది గదా? నువ్వు గాడనే ఉన్నవు."

"నేను సూడలే" అన్నాను.

ఆ తర్వాత మామ ఆమెను పడవ కిందికి పంపలేదు. "కోడలా, ఇగ నువ్వే సూడు" అని పుల్లలు నా చేతికిచ్చాడు. నేను కోరుకున్నదే... లోపలికి దూరి, ఆ వెలుతురు చుక్కల కింద మోకాళ్ల మీద కూర్చుంటే, బయట రజిత మంట ఎగదోస్తున్న చప్పుడు వినిపించింది. చుక్కలన్నీ మసకబారాయి. ఎన్ని వదిలేశానో నాకే తెలియదు.

ఇప్పుడు అటువైపు వంతెన వచ్చింది. రాష్ట్రమూ వచ్చింది. అవతలికి పోవడానికి పడవ కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. మామ మాత్రం ఏ పెళ్లిలో కలిసినా "మా బిడ్డ కంటిచూపు" అని పడవలోకి నీళ్లొచ్చిన ముచ్చట తీసి భోజనాల బంతిలో అందరినీ నవ్విస్తాడు. రజిత కూడా నవ్వుతుంది. నేను విస్తరిలోకి చూస్తూ కూర్చుంటాను.

చిన్నప్పుడు మీరు ఎవరి మీద కుళ్లుకున్నారో, ఏం చేశారో మీరూ రాయండి... నేనైతే ఇన్నేళ్లకు రాస్తున్నాను. వదినా, ఇది మామకు నువ్వే చదివి వినిపించు.

మామా, రజిత పుల్ల పెట్టింది. నేను చూశాను.