బత్తాయి నీడ

సూర్యాపేటలో మా భౌతికశాస్త్రం సారు పోయారన్న వార్త నాకు ఉదయం ఓపీలో, ఒక పెద్దాయన కంట్లో చుక్కల మందు వేస్తుండగా తెలిసింది. ఫోను చేసినవారు చెప్పింది రెండే మాటలు: నిద్రలోనే గుండె ఆగింది, బాధపడలేదు. చుక్కలు పడ్డాక కంటిపాప విప్పారడానికి కొంతసేపు పడుతుంది. అంతసేపూ ఆ పెద్దాయన కళ్లు మూసుకుని బల్ల మీద కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. మిర్యాలగూడలో నేను కంటి డాక్టరునయ్యానంటే దానికి మొదటి కారణం, ఇంటర్మీడియట్‌లో సారు నా చేతికిచ్చి, గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడేదాకా వెనక్కి తీసుకోని ఒక కటకం.

ఇది కృతజ్ఞతతో రాయవలసిన వ్యాసం. కృతజ్ఞత నిండుగా ఉంది. కానీ కలం పట్టగానే ముందుకు వస్తున్నది విసుగు. దాన్ని దాచి రాస్తే సారు ఒప్పుకునేవారు కాదు. ప్రయోగంలో అనుకున్న విలువ రాకపోతే, వచ్చిన విలువనే రాయాలనేవారు.

సారు పోయిన వారానికి పౌర్ణమి. ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. మన ప్రాంతంలో కనిపించేది దాని చివరి భాగం, అదీ కాసేపే. అందుకోసం ఆయన చాలా ముందే ఊళ్లన్నీ తిరిగి, సూర్యాపేట అంచున తూర్పు దిక్కుకు అడ్డంకి లేని ఒక బడి మైదానం చూసిపెట్టుకున్నారు. ఆయన పోయాక ఆ కార్యక్రమాన్నే సంతాపసభగా జరపాలని పాత విద్యార్థులమూ, ఆయన తోటి అధ్యాపకులూ అనుకున్నాం. రెండు రోజులకు, సభ ఏర్పాట్లు చూస్తున్న ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఫోను చేశారు.

"డాక్టరమ్మా, సభ పొద్దుగాల్నే పెట్టుకుంటున్నం. మాపటికి గ్రహణమున్నది గద."

"గ్రహణమున్నదనే గద సార్, మాపటికి అనుకున్నది?"

"నాకూ నీకూ పట్టింపు లేదమ్మా. జనం రావాలె గద! గ్రహణం పూట అంటే కుర్చీలు కిరాయికిచ్చేటోడు గూడ ఇయ్యనంటున్నడు."

"కింద కూసుందం సార్."

"నువ్వు గూసుంటవు. ఇంకెవరొస్తరు చెప్పు?"

గ్రహణం పూట మనుషుల్ని ఇళ్లలోంచి బయటికి రప్పించడానికి జీవితమంతా తిరిగిన మనిషి సంతాపసభను గ్రహణానికి భయపడి ముందుకు జరిపారు. ఇంతకంటే కచ్చితంగా ఆ సంగతిని చెప్పడం నాకు రాదు.

సారు పుట్టింది నడిగూడెం దగ్గర. గాలిలోని ధూళి కణాల మీద పడి వెలుతురు ఎలా చెదురుతుందన్నది హైదరాబాదులో ఆయన చేసిన పరిశోధన. కొన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేసి, అన్నీ కుదురుకుంటున్న వేళ వదిలేసి సూర్యాపేటలో జూనియర్ లెక్చరరుగా చేరారు. ఎందుకు తిరిగొచ్చారని అడిగితే ప్రతిసారీ వేరే కారణం చెప్పేవారు. ఒకసారి మాత్రం, వాడపల్లి నుంచి వస్తుండగా, సిమెంటు లారీలు లేపిన దుమ్ములో ఎర్రబడిన సూర్యుణ్ణి చూపించి, "గాడ దీన్ని గాజు గొట్టంల పెట్టి సూస్తిమి బిడ్డా. గీడ ఊరంత ఉన్నది" అన్నారు.

ఆయన పనితీరు తెలిసినవారికి, ఆ తీరు ఎంత విసిగించేదో కూడా తెలిసే ఉంటుంది. సారు జవాబు చెప్పేవారు కాదు. చంద్రగ్రహణానికి ముందు సుద్దముక్క ఇచ్చి, చంద్రుడి మీద పడే నీడ అంచు ఎలా ఉంటుందో గీయమనేవారు. పిల్లలు, కూలికెళ్లి వచ్చినవాళ్లు, ఉపాధ్యాయులు, ఎవరైనా సరే. ఆ తర్వాత టార్చి వెలిగించి, గోడ మీద ఒక స్టీలు పళ్లెం నీడ, ఒక బత్తాయి నీడ పడేలా పట్టుకునేవారు. పళ్లాన్ని తిప్పితే నీడ సన్నబడి గీతైపోతుంది. బత్తాయిని ఎటు తిప్పినా నీడ గుండ్రమే. అంతవరకే. ఇక దూరదర్శిని దగ్గర వరుసలో నిలబెట్టడమే తప్ప, ఎవరు గీసింది సరైనదో ఆయన నోట వచ్చేది కాదు.

కోదాడలో ఒకసారి ఒక ఎరువుల దుకాణం యజమాని ఆయనను గట్టిగానే పట్టుకున్నాడు.

"ఏంటండీ మాస్టారూ, పాము మింగదంటారా? మా తాతలంతా తెలివితక్కువోళ్లా?"

"నేనన్ననా గట్ల? పాము కొరుకుతే అంచు ఎట్లుంటదో గియ్యండి, సూద్దం."

ఆయన గీశాడు. పంటి గాట్లతో సహా శ్రద్ధగా గీశాడు. గ్రహణం మొదలయ్యాక దూరదర్శినిలో చాలాసేపు చూసి, సుద్దముక్క తిరిగిచ్చి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

"ఇప్పుడన్న చెప్పుంటే అయిపోవు గద సార్, పామూ లేదు గీమూ లేదని" అన్నాను తిరుగు ప్రయాణంలో.

"నేను చెప్తే నా మాటైతది. మల్లొక గ్రహణానికల్ల మర్చిపోతడు. ఇగ సూడు, ఆయనకు నిద్ర పట్టది."

ఆయనకు నిద్ర పట్టిందో లేదో నాకు తెలియదు. సారుకూ తెలియదు. ఆ పద్ధతిలో నాకు నచ్చనిది అదే. ఫలితం ఎప్పటికీ చేతికి రాదు. ఒక పత్రిక జిల్లా పేజీలో ఆయన వ్యాసం పక్కనే ఏ రాశివారు గ్రహణం చూడరాదో వేసినప్పుడు నేను సంపాదకుడికి ఉత్తరం రాస్తానన్నాను. సారు నవ్వారు. "పక్కింటోళ్లు ఎవరైతేంది? మన ఇల్లు ఊడ్సుకున్నమా లేదా సూసుకో."

ఊడ్చుకున్న ఆ ఇంట్లోనే గ్రహణం పూట పచ్చడి జాడీల మీద గరిక ఉండేది. అది పెట్టేది అమ్మ, అంటే సారు భార్య. మొదటిసారి చూసినప్పుడు నేను ఆగలేక సారును అడిగాను.

"ఆమె జాడీ, ఆమె గరిక. పచ్చడి మంచిగుంటది, నాకేం తక్లీబు?"

"అమ్మనెన్నడన్న వచ్చి సూడమన్నరా సార్?"

"పెండ్లైన కొత్తల అడిగిన. రానన్నది. మల్లమల్ల అడుగుతే జబర్దస్తీ అయితది."

ఇక, ఉదయం జరిగిన సభ. మూఢనమ్మకాల మీద అలుపెరుగని పోరాటం అన్నారు. చీకట్లో దీపం అన్నారు. సారు ఏనాడూ ఎవరితోనూ పోరాడలేదని, ఆయన దగ్గరున్నది దీపం కాదు, టార్చి అని చెప్పాలనిపించింది. నా వంతు వచ్చేసరికి మైకు దగ్గరికి ఒక చీటీ వచ్చింది. నిర్వాహకులు దాన్ని చదివి వినిపించారు: "దయచేసి జల్ది ముగించాలె. గ్రహణం పట్టకముందే అందరు భోజనాలు చేసి ఇండ్లకు చేరుకోవాలె." ఎవరూ నవ్వలేదు. నేను రాసుకెళ్లింది మడిచి సంచిలో పెట్టుకుని, బత్తాయి గురించి రెండు ముక్కలు చెప్పి దిగాను.

సాయంత్రం మైదానం గేటుకు తాళం వేసి ఉంది. అయినా చూద్దామని దూరదర్శిని కోసం సారు ఇంటికి వెళ్లాను. ఆయన చూపించాలనుకున్న గ్రహణాన్ని ఒక్కరికైనా చూపించకుండా మిర్యాలగూడ బస్సెక్కడం నా వల్ల కాలేదు. చుట్టాలు కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నారు. అమ్మ తలుపు తీసింది.

"మైదానం బంద్ చేసిండ్రమ్మా. టెలిస్కోపు జర డాబా మీద పెట్టుకుంట."

"ఎవరికి సూపిస్తవు?"

"మీరొస్తరా అమ్మా? సారు అడిగినప్పుడు రానన్నరట గద, అందుకే..."

"అడిగిండట! ఎన్నడు?" అమ్మ గొంతు పెరిగింది. "సూర్యాపేటను పిలిచిండు, కోదాడను పిలిచిండు, నీ మిర్యాలగూడను పిలిచిండు. నన్నెన్నడు పిలువలే."

నాకు వచ్చిన కోపం ఈసారి సారు మీద. ఆ ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం సరైనదో తేల్చడానికి ఇప్పుడు ఏ ప్రయోగమూ లేదు. ఆయన అడిగే ఉండవచ్చు, ఆమెకు వినపడకపోయి ఉండవచ్చు. అడగాలనుకున్నదే అడిగినట్టు ఆయనకు గుర్తుండిపోయి ఉండవచ్చు. అంత ఓపిక గల మనిషి రెండోసారి అడిగితే పోయేదేమిటి?

"ఇప్పుడు నేనడుగుతున్న. రండి."

లోపలి నుంచి ఆడబిడ్డ గొంతు వినిపించింది. "వదినె, దినాలు గూడ కాలే. గ్రహణం పూట పైకి పోతవా?"

"ఇంతకన్న కానిదేమైతది నాకు?" అంటూ అమ్మ మెట్లెక్కింది.

డాబా మీద దూరదర్శిని నిలబెట్టి, నేను సారు చేసినట్టే చేశాను. సుద్దముక్క ఇచ్చి, నీడ అంచు గీయమన్నాను. అమ్మ వంగి, చంద్రుడికని ఒక సున్నా చుట్టి, ఏమాత్రం ఆలోచించకుండా దాని మీదుగా నున్నటి వంపు ఒకటి గీసింది.

"మీకెట్ల తెలుసమ్మా?"

"ముప్పై ఏండ్లు నా వంటింట్లనే గద రిహార్సలు! నా పళ్లాలు సొట్టలు పెట్టిండు. ఒక్క బత్తాయి తిననిచ్చిండా?"

పొలాల అవతల, దుమ్ము తెరలో చంద్రుడు ఎర్రగా పైకి వచ్చాడు. ఒక పక్క లేదు. నేను ఆపరేషన్ చేసిన కుడికన్నును అమ్మ గొట్టానికి ఆనించింది. మధ్యలో, "పోతున్నడు, దాటిపోతున్నడు" అని తొందరపెట్టినప్పుడల్లా నేను గొట్టాన్ని కొద్దిగా జరిపాను. కదులుతున్నది మనమే అని చెప్పబోయి మానుకున్నాను. నీడ అంచు జరుగుతూ జరుగుతూ చివరికి ఒక మసకలా మిగిలి, అదీ పోయింది.

"అయిపాయెనా?"

"అయిపోయిందమ్మా."

అమ్మ కిందికి దిగింది. కాసేపటికి స్నానాలగదిలోంచి తలమీద చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. గ్రహణం విడుపు స్నానం. ఉదయం నుంచి అణచుకున్న విసుగంతా మళ్లీ వచ్చింది. సామాను సర్దుదామని గొట్టం మూత చేతిలోకి తీసుకున్నాను.

మెట్ల మీద తడి కాళ్ల చప్పుడైంది. అమ్మ జుట్టు కూడా తుడుచుకోకుండానే పైకి వచ్చింది.

"ఆగు, మూయకు. నిండుగ ఎట్లున్నడో సూడలే గద. జర మల్ల తిప్పు."

తిప్పాను. ఆమె గొట్టం మీదికి వంగింది. జుట్టులోంచి జారిన నీటిబొట్టు ఒకటి, నేల మీద సుద్దతో గీసిన వంపు మీద పడింది.