మంట అన్నాను, అది తిమ్మిరి

ఆ రోజు పొద్దున అరికాళ్లు చిమచిమలాడుతుంటే నేను నెపం మిరపకాయల మీద పెట్టాను. నా మొదటి తప్పు అదే.

మాది వరంగల్ పక్క ఊరు. మా చెలకలు నిజాం కాలం నాటి విమానాల మైదానాన్ని ఆనుకొని ఉంటాయి. ఎనభైల మొదట్లో అక్కడ విమానం దిగడం ఎప్పుడో గానీ జరిగేది కాదు. అంత పొడుగు గచ్చు ఊరికే పడి ఉంటే ఏ రైతు ఊరుకుంటాడు? వానలు తెరిపిస్తే మక్కజొన్నలు, ఎండాకాలం మిరపకాయలు అక్కడే ఎండబోసేవాళ్లం. ముందు మొదలుపెట్టింది నేనే. కాయను కాళ్లతో తిరగేస్తూ నడుస్తాం కాబట్టి అరికాళ్లు మండటం మాకు మామూలే.

ఆ పొద్దునే మైదానం కాపలాదారు యాకూబ్ వచ్చాడు. "సమ్మన్నా, నడుమ జర జాగ ఇడువుండ్రి. ఇమానమొస్తే నా నౌకరి పోతది" అన్నాడు. "నీ ఇమానమొచ్చినప్పుడు ఎత్తుత తియ్. అప్పటిదాక పిట్టలు కొట్టుకో" అన్నాను. అందరూ నవ్వారు. అతను తల వంచుకొని వెళ్లిపోయాడు.

నా భార్య లచ్చమ్మ రాత్రి అరికాళ్లకు వెన్న రాసింది. తెల్లారేసరికి చిమచిమ మోకాళ్ల దాకా ఎక్కింది. వేళ్ల కొసలకూ వచ్చింది. చాయ్ గ్లాసు చేతిలోంచి జారింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయి, "మిరప మంట, సూది ఎయ్యి" అన్నాను. అంత గట్టిగా చెప్పాక ఆయన మాత్రం ఏం అడుగుతాడు? సూది వేసి, మలాం ఇచ్చి పంపాడు. అంతకు రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకున్న సంగతి నేనూ చెప్పలేదు. మర్నాడు బాయికాడ కూర్చున్నవాణ్ణి లేవలేక పక్కకు ఒరిగిపోయాను. ట్రాక్టరులో వేసుకొని వరంగల్‌లో పెద్దదవాఖానకు తీసుకుపోయారు.

అక్కడి డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు కదల్లేదు. ఇంకోటీ కదల్లేదు.

"మంటనా, తిమ్మిరా? ఆలోచించుకొని చెప్పు" అన్నాడు.

ఆలోచించడం ఆ మూడు రోజుల్లో అదే మొదలు. "తిమ్మిరే సార్" అన్నాను.

ఎటు నుంచి ఎటు పాకిందని అడిగాడు. కింద నుంచి పైకి అన్నాను. విరేచనాల సంగతి కూడా అడిగి రాబట్టాడు. రిఫ్లెక్సులు లేవన్నాడు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపాడు. జబ్బు పేరు గీయాన్ బారే సిండ్రోమ్ అని చెప్పాడు. ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన శక్తే దారి తప్పి నరాల మీద పడుతుందట. చాలామంది కోలుకుంటారు, ఊపిరి కండరాలు పడిపోకుండా ఉండాలంతే, అన్నాడు.

ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవని అడిగేవాడు. మొదటి రోజు ముప్పై దాటాను. మర్నాడు పన్నెండు దగ్గర ఆగిపోయాను. రోషం వచ్చి మళ్లీ మొదలుపెడితే అంత దూరం కూడా పోలేకపోయాను. "రోషం దాచిపెట్టుకో, ముందుముందు పనికొస్తుంది. వెంటిలేటరు హైదరాబాద్‌లో ఉంది" అన్నాడు. రోడ్డు మీద గానీ, కాజీపేటలో రైలెక్కించి గానీ తీసుకుపోతే దారిలోనే ఊపిరి ఆగవచ్చని లచ్చమ్మకు విడిగా చెప్పాడు. మావాళ్లు ఇంటికి తీసుకుపోదామన్నారు. "ఊపిరున్నోణ్ణి చావుకెట్ల తోల్కపోత?" అని ఆమె మంచం కోడు పట్టుకుంది.

డాక్టరు కలెక్టరు ఆఫీసుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో సొంత విమానాలున్నవాళ్లు కొందరు, వరదలకూ తుఫానులకూ సర్కారు అడిగితే తమ పెట్రోలు పోసుకొని వస్తారని అప్పుడే తెలిసింది. ఒకాయన ఒప్పుకున్నాడు. చీకటి పడకముందే దిగాలి. దిగాల్సింది మా మైదానంలోనే.

ఆఫీసు జీపులో లచ్చమ్మ ఊరికి పోయింది. తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నదే. అప్పటికే మబ్బు పట్టింది. సగం ఎండిన కాయను ఊడ్చి కుప్ప పోస్తే అందులోనే తడిసి తాలైపోతుంది, కొనేవాడుండడు. ఆమె గచ్చు మీద నిలబడి, "మీ కాయ పోతది, నాకెరికె. పోయినా ఊడ్వుండ్రి" అందట. ఎవరూ కదల్లేదు. అక్కడ పెద్ద పంట కొమురయ్యది. ఎండబోసే జాగా కోసం నేను అతణ్ణి నలుగురిలో తిట్టి తరిమినవాణ్ణి.

"కుక్కను తరిమినట్టు తరిమిండు చెల్లె నన్ను. ఇప్పుడు ఆయన కోసం నా కాయ ఖరాబు చేసుకోవాల్నా?" అన్నాడట కొమురయ్య. అంటూనే చీపురు అందుకున్నాడట.

నన్ను అక్కడికి చేర్చేసరికి గచ్చు ఊడ్చి ఉంది. గాలి ఎటు వీస్తుందో తెలియడానికి యాకూబ్ గుంజకు తెల్లగుడ్డ కట్టాడు. చిన్న విమానం దిగింది. పంకా గాలికి మిగిలిన గింజలు, కారం లేచి అందరి ముక్కుల్లోకీ పోయాయి. పైలట్ సాబ్ కళ్లు తుడుచుకుంటూ దిగి, "క్యా గావ్ హై భాయ్, ఏం ఊరిది! ఇంజన్ కూడా తుమ్ముతుంది" అన్నాడు. అంత దుఃఖంలోనూ లచ్చమ్మకు నవ్వొచ్చిందట.

వెనక సీట్లు తీసేసి నన్ను కింద పడుకోబెట్టారు. పక్కన హౌస్ సర్జన్, నాకు ఊపిరి ఆగితే చేత్తో గాలి కొట్టే ఆంబూ బ్యాగు పట్టుకొని గొంతుక్కూర్చున్నాడు. ఇంజను మోతలో పైలట్ అతనితో అరిచి చెబుతున్నాడు. "పోయిన వరదలప్పుడు ఇక్కడికే మందులు తెచ్చిన. రన్‌వే మీద ఎవరో మక్కలు పోసిండ్రు. రెండు చక్కర్లు కొట్టి వాపస్ పోయిన."

ఆ మక్కలు నావి. ఆ రోజు నేను తువాలు ఊపుతూ, విమానం మన మక్కలు చూడటానికొచ్చిందని పిల్లలకు చెప్పి నవ్వించాను. నావే అని చెప్పబోతే ఊపిరి చాల్లేదు. ఆ మందులు ఎవరి కోసమో, ఆలస్యం ఎవరి మీద పడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

హైదరాబాద్‌లో గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటరు పెట్టారు. మధ్యలో నిమోనియా వచ్చి మళ్లీ అంచు దాకా పోయాను. ఒక పెద్ద డాక్టరు స్టూడెంట్లకు నన్ను చూపించి, ఇతను నడవకపోవచ్చు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈసారి నిజంగా మంటే. నోట మాట లేదు కాబట్టి మనసులోనే నా కాలి బొటనవేలును పేరు పెట్టి తిట్టేవాణ్ణి. కదులు, లేకుంటే కోసిపారేస్త అని రోజూ బెదిరించాను. ఒక మధ్యాహ్నం కదిలింది. ఫ్యాను గాలికి దుప్పటి కదిలిందంది నర్సు. లచ్చమ్మ లేచి ఫ్యాను బందు చేసి, "ఇప్పుడు సూడు బిడ్డా" అంది. నేను కదిలించి చూపించాను.

ఆ తర్వాత ఫిజియోథెరపీలో కడ్డీలు పట్టుకొని పడ్డాను, లేచాను, మళ్లీ పడ్డాను. రాత అన్నవాళ్లకు దండం పెట్టి పంపేశాను. నా మీదికొచ్చింది జబ్బు, దాంతో నాకు కొట్లాట ఉంది, అంతే. ఇప్పుడు కర్రతో నడుస్తాను. కుడి పాదం వాలుతుంది, గడపలు తగులుతాయి. వ్యవసాయం మానలేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు దగ్గర మీరే కారణం తేల్చి చెప్పకండి, ఎలా ఉందో చెప్పండి. తిమ్మిరి పాదాల నుంచి పైకి ఎక్కుతూ కాళ్లలో సత్తువ తగ్గుతుంటే మలాములు రాస్తూ కూర్చోక, ఆ రోజే పెద్దదవాఖానకు పోండి.

నన్ను ఎక్కించిన సాయంత్రమే గాలివాన వచ్చి కుప్పలన్నీ తాలయ్యాయి. ఇంటికొచ్చాక కొమురయ్య దగ్గరికి పోయి వచ్చే పంట నీదే అన్నాను. "నా కాయ నీకు అమ్మిననుకున్నవా? జరుగు, చాయ్ తాగు" అన్నాడు. అందుకని మైదానం పక్కనున్న నా చెలక చదును చేయించి, అలికించి, ఊరందరికీ కళ్లంగా ఇచ్చేశాను. ముందు జాగా కొమురయ్యది. నవ్వినవాళ్లందరి ఎదుట యాకూబ్‌ను క్షమించమని అడిగాను. పైలట్ సాబ్‌కు ఏమివ్వాలని లచ్చమ్మ అడిగితే, మైదానం ఖాళీగా ఉంచుండ్రి చాలన్నాడట. కాయలు ఎండే రోజుల్లో నేనూ యాకూబ్ పొద్దున్నే గచ్చు పొడుగునా నడిచి చూస్తాం.

మొన్న ఎండాకాలం ఒక పెద్దమనిషి ట్రాక్టరు నిండా మిరప తెచ్చి అక్కడ దింపబోయాడు. నేను కర్ర పక్కన పెట్టి ట్రాక్టరు ముందు కూర్చున్నాను. కూర్చుంటే ఒకరి చెయ్యి లేనిదే లేవలేను. ఆయనే దిగి, "లే సమ్మయ్యా, ఎండల పడిపోతవు" అని చెయ్యి చాచాడు. పక్కనున్న యాకూబ్ కూడా చాచాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగేదాకా నేను యాకూబ్ చెయ్యి కూడా పట్టుకోలేదు.