రెండు గీతల హాజరు

కోరుట్ల దగ్గర ఒక చిన్న ఊళ్లో నాకు విద్యా వాలంటీరు పని దొరికినప్పుడు మా అమ్మ కొండగట్టుకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆ పని ఒక్క ఏడాదిదేనని, ఆ ఏడాదైనా నిండుతుందో లేదో తెలియదని ఆమెకు చెప్పలేదు. చేరిన రోజే పెద్దసారు హాజరుపట్టీ చేతికిస్తూ, "పిల్లలు తగ్గితే ముందుగాల పొయ్యేది నీ పోస్టేనమ్మా. జర చూసుకో" అన్నారు. అప్పటి నుంచి పిల్లల ముఖాలు చూసి పాఠం మొదలుపెట్టింది లేదు, తలలు లెక్కపెట్టడమే.

పొద్దున ఒక గీత, మధ్యాహ్నం దాని మీద అడ్డంగా ఇంకో గీత. రెండూ పడితే పిల్ల ఆ రోజంతా బళ్లో ఉన్నట్టు.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. సార్లంతా కోరుట్లలో టెంటు కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, గొంతు పోయేదాకా అరిచాను. మన రాష్ట్రం వస్తే మన కొలువులు మనకొస్తాయని అందరికంటే ఎక్కువ నమ్మింది నాలాంటివాళ్లే. బడి మూతపడితే పిల్లల మధ్యాహ్నం అన్నం కూడా మూతపడుతుందని ఆ టెంటులో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

బడి తెరిచేసరికి ఆరో తరగతిలో ఒక పిల్ల లేదు. అందరికంటే ముందొచ్చి నల్లబల్ల తుడిచే పిల్ల. ఇంటికి వెళ్తే తల్లి చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. దుబాయి పోయిన తండ్రి నుంచి ఏడాదిగా ఫోను లేదట.

"బడి బందైనంక తిండికి ఎల్తలేదు మేడం. సిరిసిల్లల మా అక్క కాడికి తోలిన. మగ్గాలకు నూలు కండెలు చుడ్తాంది" అంది. నేను లేచేటప్పుడు చెయ్యి పట్టుకుంది. "పేరు మాత్రం కొట్టెయ్యకుండ్రి. మల్ల అస్తది."

ఎందుకు కొట్టేస్తాను? ఆ పిల్ల పేరు పోతే నా పేరూ పోతుంది. మర్నాటి నుంచి ఆ పిల్లకు రోజూ రెండు గీతలూ పెట్టసాగాను. సిగ్గు లేకుండా దాన్ని దయ అనుకున్నాను.

మనసు ఊరుకోక ఒక ఆదివారం జగిత్యాలలో సిరిసిల్ల బస్సెక్కాను. మగ్గాల చప్పుడులో ఏ మాటా వినపడదు. పిల్ల కనుబొమల మీద నూలు పీచు. నన్ను చూడగానే, "నా పేరున్నదా మేడం?" అని అరిచింది. ఉంది బిడ్డా అన్నాను. వెంట తీసుకొద్దామని వెళ్లినదాన్ని. కానీ పిల్లను సాకుతున్న వాళ్ల పెద్దమ్మ ముఖం చూసి ఆ మాట ఎత్తలేకపోయాను. వచ్చేముందు మాత్రం ఒకటి నేర్పాను: "ఎవరన్నా అడిగితే రోజూ బడికి వస్త అని చెప్పు." రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను కూడా.

చలికాలంలో ఒక అధికారిణి మా బడికి వచ్చింది. బడి మానేసిన ఆడపిల్లలకు హాస్టలు బడిలో సీట్లున్నాయట. తిండి, బట్టలు, పదో తరగతి దాకా చదువు. ఆ కబురు ముందే విని తల్లి పిల్లను సిరిసిల్ల నుంచి పిలిపించింది. తలకు నూనె రాసి, రెండు జడలు వేసి, బడి బట్టలు తొడిగి పంపింది. పని వదిలి తను రాలేకపోయింది.

అధికారిణి హాజరుపట్టీ తిప్పింది. పిల్లను చూసి, "నువ్వు బడికి వస్తున్నావా?" అని అడిగింది.

పిల్ల చేతులు కట్టుకుంది. "రోజూ వస్త మేడం!" అంది గట్టిగా. మంచి జవాబు చెబితే సీటు వస్తుందనుకుంది.

"మరింకేం? ఈ సీట్లు బడి మానేసినవాళ్లకమ్మా" అని ఆమె పిల్ల చెంప తట్టి పట్టీ మూసేసింది.

నేను నోరు తెరిస్తే చాలు. ఆ గీతలు దొంగవని ఒక్క మాటంటే చాలు. పిల్ల హాస్టలుకు పోయేది, నేను ఇంటికి పోయేదాన్ని. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. జీపు వెళ్లిపోయింది.

పిల్ల నా కొంగు పట్టుకుంది. "నువ్వు నేర్పినట్టే చెప్పిన గద మేడం?"

"చెప్పినవ్ బిడ్డా" అన్నాను.

సాయంత్రం బస్సుకు పిల్ల సిరిసిల్ల వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున హాజరుపట్టీ తెరిచి, ఆమె పేరు ఎదురుగా మొదటి గీత పెట్టాను.